గోతో షింపేయ్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

జపాన్ పాలనాధికారి గోతో షింపేయ్ మీద నువ్వు రాసిన జీవితచరిత్ర చిత్తుప్రతి ఆసాంతం చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉన్న తైవాన్‌లో ఆయన వేయించిన రైలు మార్గం, ఆస్పత్రులు ఒక అధ్యాయంలో పెట్టి, చంపించిన మనుషులను ఇంకో అధ్యాయంలోకి తోసేశావు. చదువుతుంటే ఇద్దరు గోతోలు కనిపిస్తున్నారు. ఉన్నది ఒక్కడే తల్లీ.

ఆయన డాక్టరని మొదటి పేజీలో చెప్పి వదిలేశావు. అసలు పట్టు అక్కడే ఉంది. 1895లో చైనా యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులు కలరా మోసుకురాకుండా హిరోషిమా దగ్గర నినోషిమా దీవిలో క్వారంటైన్ నడిపాడు. రెండు లక్షల మందికి పైగా సైనికులను వడపోసే పని అది. ఆ పనితనం దగ్గరుండి చూసిన సైన్యాధికారి కొదామా గెంతారో, 1898లో తైవాన్ గవర్నర్ జనరల్ కాగానే పౌరపాలన ఈయన చేతిలో పెట్టాడు.

నల్లమందు సంగతి రెండు లైన్లలో తేల్చేశావు. నేనైతే పది పేజీలు రాస్తాను. ఒక్కసారిగా నిషేధించొద్దని, అలవాటు పడ్డవాళ్లకు లైసెన్సులిచ్చి సరుకు సర్కారే అమ్మాలని, తైవాన్ వెళ్లకముందే ఆరోగ్యశాఖలో ఉండి సలహా ఇచ్చాడు. 1900 నాటికి జాబితాలో లక్షన్నరకు పైగా పేర్లున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంఖ్య తగ్గిన మాట నిజం. ఖజానా నిండిన మాటా నిజమే. రెండూ ఒకే పేరాలో రాయి.

అలాగే తైవాన్‌లో జనాన్ని పది ఇళ్లకు ఒక 'కో', పది కోలకు ఒక 'హో' అని గుంపులు కట్టిన ఏర్పాటు. ఒకడు తప్పు చేస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ జరిమానా కట్టాలి. తిరుగుబాటుదారులను పట్టించిందీ ఆ ఏర్పాటే, ప్లేగు వచ్చినప్పుడు ఎలుకలు పట్టించిందీ అదే. ఎలుకల లెక్కతో పాటు మనుషుల లెక్కా చెప్పు. 1898 నుంచి 1902 దాకా 'బందిపోట్లు' అన్న ముద్రతో దాదాపు 12 వేల మందిని చంపినట్టు ఆయన ఇచ్చిన అంకెలే చెబుతున్నాయి. 1902 మేలో దౌలియు ప్రాంతంలో లొంగుబాటు వేడుక అని పిలిచి, వచ్చినవాళ్లను అక్కడికక్కడే చంపారు. ఈ ఘట్టాన్ని విశేషణాలు లేకుండా రాయి. ఎవరు పిలిచారు, ఎవరు నమ్మి వచ్చారు, ఏం జరిగింది. అంతే చాలు.

1906లో చైనా ఈశాన్యాన జపాన్ నడిపిన దక్షిణ మంచూరియా రైల్వే తొలి అధ్యక్ష పదవి, ఆ తర్వాతి మంత్రి పదవులు గబగబా దాటించెయ్. 1923 భూకంపం దగ్గర మాత్రం ఆగు. సెప్టెంబర్ 1న టోక్యో కూలింది, 2న ఆయన హోం మంత్రి అయ్యాడు. వెడల్పాటి రోడ్లు, పార్కులతో ఆయన వేసిన భారీ ప్రణాళికను పార్లమెంటు బాగా కోసేసింది. దాని గురించి చక్కగానే రాశావు. అయితే అవే రోజుల్లో పుకార్లు నమ్మిన మూకలు కొరియన్లను ఊచకోత కోశాయి. ఆ మాట నీ ప్రతిలో ఎక్కడా లేదు. పోలీసు వ్యవస్థ హోం శాఖ కిందే ఉండేది కదా.

తైవాన్ అధ్యాయాలు రెండూ కలిపి తిరగరాసి ముందు అవి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.