‘కేసులన్నీ ఉపసంహరించుకోవాలి’ అని రాసి ఉంటే సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: ఉండి దగ్గర మిత్రుడితో కలిసి వనామీ రొయ్యలు పెంచాను. విడిపోయేటప్పుడు నాకు 24 లక్షలు రావాలని లెక్క తేలింది. ఆయన ఇచ్చిన చెక్కులు బౌన్స్ అయ్యాయి. భీమవరం కోర్టులో డబ్బు కోసం దావా, చెక్కు కేసు వేశాను. నేను చెరువుల మీదికి రాకుండా ఆయన ఇంజంక్షన్ దావా వేశారు. ఆయన బావమరిది నా మీద ప్రోనోటు దావా వేశారు. ఇప్పుడు పెద్దమనుషులు 18 లక్షలకు రాజీ కుదిర్చారు. 6 లక్షలు ఇప్పుడే ఇస్తారు, మిగతా 12 లక్షలు ఆరు నెలలకు 3 లక్షల చొప్పున కడతారు. ‘ఇరుపక్షాల మధ్య ఉన్న కేసులన్నీ వెంటనే ఉపసంహరించుకోవాలి, ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు’ అని స్టాంపు కాగితం మీద రాశారు. మేత కొట్టుకు ఇద్దరం కలిసి బాకీ ఉన్నాం. నేను రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు 5 లక్షలుంది. సంతకం పెట్టవచ్చా?

జవాబు: రాజీకి ఒప్పుకోండి. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. రెండేళ్లలో అందే 18 లక్షలు, ఏడాదికి 7 శాతం వడ్డీ లెక్కన, ఈ రోజు చేతికొచ్చే 17 లక్షలతో సమానం. మీరు కడుతున్న రెండు రూపాయల వడ్డీతో చూస్తే 15 లక్షల పైచిలుకే. అయినా ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం కంటే ఇది నయమే. కానీ ఈ లెక్కంతా కిస్తీలు వస్తేనే నిలబడుతుంది. అవి రాకపోతే మీ చేతిలో ఏం మిగులుతుంది? మీ కాగితంలో దానికి జవాబు లేదు.

‘ఇరుపక్షాల మధ్య ఉన్న కేసులు’ అన్న మాట చూడండి. ఇరుపక్షాలంటే సంతకం పెట్టే మీరిద్దరే. బావమరిది పెట్టడం లేదు కాబట్టి ఆయన ప్రోనోటు దావా ఈ రాజీలోకి రాదు. మీరు రెండు కేసులు వదులుకున్నాక కూడా అది నడుస్తూనే ఉంటుంది. ఆ దావాలో డిక్రీ వస్తే మీకు అందిన కిస్తీల సొమ్ము అటే పోవచ్చు. అందుకే ఆయన కూడా ఒప్పందంలో పక్షంగా చేరాలి, తన దావాలో తానే రాజీ మెమో వేయాలి. దీనికి ఒప్పుకోకపోతే 18 లక్షల బేరాన్ని మళ్లీ మొదటి నుంచి మాట్లాడాల్సిందే.

‘కేసులన్నీ’ అని గుంపుగా రాయడం కూడా పనికిరాదు. ఒప్పందం చివర ఒక పట్టిక జతచేయించండి. ఏ కోర్టు, కేసు నంబరు, సంవత్సరం, ఎవరు ఎవరి మీద వేశారు, దేని కోసం అన్నది ప్రతి కేసుకూ ఉండాలి. మధ్యంతర పిటిషన్లు, అప్పీళ్లు, పోలీసు ఫిర్యాదులు ఏవైనా ఉంటే అవీ రాయాలి. ‘ఫలానా తేదీ నాటికి ఇవి తప్ప మా మధ్య మరే వ్యాజ్యమూ లేదు’ అని ముగ్గురూ ధ్రువీకరించాలి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరుతో వెతికితే మీ మీద ఇంకేమైనా దావా పడిందేమో తెలుస్తుంది. సంతకానికి ముందు రోజు ఒకసారి చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ‘వెంటనే ఉపసంహరించుకోవాలి’ అన్న షరతు. మళ్లీ దావా వేసుకునేందుకు కోర్టు అనుమతి తీసుకోకుండా ఉపసంహరించుకుంటే, అదే బాకీ మీద మరో దావా వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒప్పుకోదు. అనుమతి ఉన్నా కాలపరిమితి లెక్కలో మొదటి దావా వేయనట్టే. బాకీ దావాకు ఉన్నది మూడేళ్లే, మీ కిస్తీలకే రెండేళ్లు పడుతుంది!

అందుకని దావాను ఉపసంహరించుకోకుండా రాజీ డిక్రీ తీసుకోండి. రాజీ షరతులు కోర్టులో దాఖలు చేసి వాటి ప్రకారమే డిక్రీ ఇవ్వమని ఇద్దరూ కోరవచ్చు. అప్పుడు కిస్తీ తప్పితే కొత్త దావా అక్కర్లేదు, నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు. దానికి 12 ఏళ్ల గడువుంటుంది. నోటరీ ముద్ర వేసిన స్టాంపు కాగితానికి ఈ బలం లేదు.

చెక్కు కేసులో ఇంకో మెలిక ఉంది. రాజీ ఒప్పందం కుదిరాక పాత చెక్కు కేసునూ, ఒప్పందం మీద చర్యనూ రెండూ నడపడం కుదరదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజీ కింద ఇచ్చిన కొత్త చెక్కు బౌన్స్ అయితే దాని మీద కొత్త కేసు వేయవచ్చు. కాబట్టి నాలుగు కిస్తీలకూ నాలుగు చెక్కులు, తేదీ వేసి, ఇప్పుడే తీసుకోండి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలని మరిచిపోకండి.

నా మాట వింటే అన్ని కేసులనూ ఒకేసారి లోక్ అదాలత్ ముందు పెట్టమని మీ వకీలును అడగండి. అక్కడి అవార్డు, అంటే లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు, డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. చెక్కు కేసులో ఇచ్చిన అవార్డుకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.

కిస్తీల గురించి ఒక మాట. ‘పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఇస్తాను’ అని రాయనివ్వకండి. తెల్లమచ్చ తెగులు వచ్చిందనో, కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) పడలేదనో ఏటా ఒక కారణం దొరుకుతుంది. పట్టుబడి డబ్బు సాధారణంగా ఏ నెలలో చేతికొస్తుందో చూసి ఆ నెలలోనే ఖాయమైన తేదీ వేయించండి. ఒక కిస్తీ తప్పితే మిగిలిన మొత్తమంతా వడ్డీతో ఒకేసారి కట్టాలనీ, అప్పుడు 24 లక్షలను 18 లక్షలకు తగ్గించడం కూడా చెల్లదనీ రాయించండి. డబ్బంతా బ్యాంకు ద్వారానే తీసుకోండి. 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తం జరిమానా పడేది తీసుకున్నవారికే.

ఇక మేత కొట్టు బాకీ. మీరిద్దరూ ఏం రాసుకున్నా ఆ షావుకారును అది కట్టిపడేయదు, ఆయన మొత్తం బాకీ మీ ఒక్కరి దగ్గరే అడగవచ్చు. ‘ఎలాంటి హక్కులూ లేవు’ అన్న వాక్యం అలాగే ఉంటే మీ మిత్రుడి వాటాను ఆయన నుంచి రాబట్టుకునే దారీ మూసుకుపోతుంది. ఎవరు ఎంత కట్టాలో అంకె వేసి, ఈ బాకీని ఆ వాక్యం నుంచి మినహాయించండి.

మొదట వచ్చే 6 లక్షల్లో 5 లక్షలు రెండు రూపాయల అప్పుకు కట్టేయండి, నెలకు 10 వేల వడ్డీ ఆగిపోతుంది. మిగిలిన లక్ష బ్యాంకులో ఉంచండి. రాబోయే కిస్తీలను నమ్ముకుని కొత్త చెరువు లీజుకు మాట ఇవ్వకండి. పాత చెక్కులు, లెక్కల పుస్తకం, ఒప్పందాల అసలు ప్రతులు చివరి కిస్తీ మీ ఖాతాలో పడేదాకా మీ దగ్గరే ఉండాలి. ‘నమ్మకం లేదా?’ అని పెద్దమనుషులు అడిగితే, చివరి కిస్తీ అందిన వారంలోగా తిరిగిస్తానని అదే ఒప్పందంలో రాసివ్వండి.