తొమ్మిది నెలల స్టైపెండు, పన్నెండు నెలల అద్దె

అమెరికాలో ఐ/ఓ సైకాలజీలో (ఇండస్ట్రియల్-ఆర్గనైజేషనల్ సైకాలజీ, అంటే ఉద్యోగుల, పనిచేసే చోటి మనస్తత్వ శాస్త్రం) సీటొచ్చిందని రాస్తూ మీరు ఏడు ప్రశ్నలు అడిగారు. నాలుగు కోర్సుల గురించి, రెండు చలి గురించి, ఒకటి ప్రెషర్ కుక్కర్ గురించి. డబ్బు మాట ఒక్కదాంట్లోనూ లేదు! కుక్కర్ తెచ్చుకోండి. చలికోటు ఇక్కడే కొనుక్కోండి. కోర్సుల వివరాలు డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. స్టాటిస్టిక్స్ గట్టిగానే ఉంటుంది కాబట్టి విమానం ఎక్కేలోపు 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ చేయడం వస్తే చాలు. ఇక అసలు సంగతికొద్దాం.

ముందు ఆఫర్ లెటర్ తీయండి. పీహెచ్‌డీ అయితే సాధారణంగా ట్యూషన్ మాఫీ, స్టైపెండు రెండూ ఉంటాయి. మాస్టర్స్‌కి చాలాచోట్ల ఏదీ ఉండదు. స్టైపెండు అంకె పక్కన 'తొమ్మిది నెలలకు' అని ఉందేమో చూడండి. 18,000 డాలర్లనగానే మన పిల్లలు నెలకి రెండు వేలని మురిసిపోతారు. ఇంటి లీజు మాత్రం పన్నెండు నెలలకు రాయించుకుంటారు. కాబట్టి మీ నెల ఆదాయం 1,500 అనుకోండి. నెలనెలా 500 పక్కన పెడితే వేసవికి 4,500 చేతిలో ఉంటాయి. ట్యూషన్ మాఫీ అయినా సెమిస్టర్ ఫీజులు, ఆరోగ్య బీమా చాలాచోట్ల మీ నెత్తినే పడతాయి. ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో సరిపోయే స్టైపెండు వాషింగ్టన్ శివార్లలోని జార్జ్ మేసన్ దగ్గర అద్దెకే ఆవిరైపోతుంది.

ఆగస్టు మధ్యలో దిగితే మొదటి జీతం సెప్టెంబరు చివరికి గానీ రాకపోవచ్చు. ఇంటి అడ్వాన్సుతో కలిపి రెండు నెలల ఖర్చు వెంట తెచ్చుకోండి.

అప్పు చేసి మాస్టర్స్‌కి వస్తున్నారా? 30 లక్షలకి 11 శాతం వడ్డీ అంటే నెలకి 27,500 రూపాయలు. మీరు క్లాసులో కూర్చున్నా అది పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఐ-20లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో, మీ కోర్సు కోడ్ ముఖ్యం. 42.2804 అయితే అది ఐ/ఓ సైకాలజీ, 2022లో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో చేర్చారు. దాంతో ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, పన్నెండు నెలలకి మరో 24 నెలలు కలుస్తాయి. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఇదే చదువుని జనరల్ సైకాలజీ, 42.0101 కింద నడుపుతాయి. అది స్టెమ్ కాదు, ఆ అప్పు తీర్చడానికి మీకు దొరికేది ఒక్క ఏడాదే. సీటు డిపాజిట్ కట్టకముందే కోడ్ ఏమిటో మెయిల్ రాసి కనుక్కోండి. ఇంకో మాట. ఈ రంగంలో ప్రభుత్వ కొలువులు, రక్షణ శాఖ కాంట్రాక్టు సంస్థల ఉద్యోగాలు బోలెడు. వాటిలో చాలావాటికి అమెరికా పౌరసత్వం కావాలి. సీనియర్లకి ఎక్కడ ఉద్యోగాలొచ్చాయో అడిగేటప్పుడు విదేశీ విద్యార్థుల సంగతి విడిగా అడగండి.

మొదటి వేసవిలో ఇంటర్న్‌షిప్ దొరికితే గట్టెక్కినట్టే. పెద్ద కంపెనీల పీపుల్ ఎనలిటిక్స్ (ఉద్యోగుల డేటాని విశ్లేషించే) బృందాలు, ఉద్యోగ పరీక్షలు తయారుచేసే ఎసెస్‌మెంట్ కంపెనీలు ముందు ఏడాది శరత్తులోనే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడతాయి. మార్చిలో మేల్కొంటే మిగిలేవి తక్కువ. సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి, రాకుండా ఒక్కరోజు కూడా పని మొదలుపెట్టొద్దు. నిబంధనలు ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళు చెబుతారు గానీ ఖర్చు సంగతి చెప్పకపోవచ్చు. సీపీటీ కోసం వేసవిలో ఇంటర్న్‌షిప్ క్రెడిట్‌కి రిజిస్టర్ కావలసి వస్తే ఆ ట్యూషన్‌కి మాఫీ వర్తించకపోవచ్చు. ముందే అడిగి, వచ్చే జీతంలోంచి తీసేసి చూసుకోండి.

పే స్టబ్ (జీతం చీటీ) కూడా చదవండి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు సాధారణంగా ఉండవు. డిసెంబరులో దిగినా ఆ ఏడాది ఒకటిగానే లెక్క. ఈ సంగతి తెలియని పేరోల్ (జీతాల విభాగం) వాళ్ళు ఆ పన్నుల కింద 7.65 శాతం కోసేస్తుంటారు. నెలకి 6,000 జీతమైతే 459 డాలర్లు పోయినట్టే! మొదటి స్టబ్ రాగానే పట్టుకుంటే వాళ్ళే సరిచేస్తారు. వదిలేస్తే పన్ను వాపసు కోసం ఫారం 843 పెట్టుకుని నెలలు ఎదురుచూడాలి. పన్ను రిటర్ను 1040-ఎన్‌ఆర్‌ (నాన్ రెసిడెంట్ల ఫారం)లోనే వేయాలి. మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద భారతీయ విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో ఇంత మొత్తానికి పన్ను లేకుండా తీసేయడం) దొరుకుతుంది. ఇతర దేశాల వాళ్ళలో చాలామందికి లేని సౌకర్యం ఇది, వదులుకోకండి. ఇవేవీ చెప్పే దిక్కు లేకపోయినా మా తరం నెట్టుకొచ్చింది. మీకు చెబుతున్నాం, వినండి.

థీసిస్‌కీ డబ్బు పోయాలి. పావుగంట సర్వేకి మనిషికి మూడు డాలర్లిచ్చి జవాబులివ్వడానికి ఆన్‌లైన్‌లో ఉద్యోగుల్ని తెచ్చుకుంటారనుకోండి. కొందరు ప్రశ్న చదవకుండానే నొక్కేస్తారు కాబట్టి పనికొచ్చేవి 300 కావాలంటే 350 మందికి లెక్కవేయాలి. అంటే 1,050 డాలర్లు, ప్లాట్‌ఫారం కమిషన్ అదనం. ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనని పరిశీలించే యూనివర్సిటీ కమిటీ) అనుమతికి ముందు సేకరించిన డేటా థీసిస్‌కి పనికిరాదు, ఆ డబ్బు నీళ్ళపాలే. డిపార్ట్‌మెంట్‌లో చిన్న పరిశోధన గ్రాంట్లు ఉంటాయి, మొదటి ఏడాదిలోనే గడువు తేదీలు రాసిపెట్టుకోండి.

వసంతంలో జరిగే ఎస్ఐఓపీ (ఐ/ఓ సైకాలజిస్టుల సంఘం) కాన్ఫరెన్స్‌కి వెళ్ళాల్సిందే, పరిచయాలు అక్కడే అవుతాయి. కానీ టికెట్టు, హోటలు ముందు మీరు కట్టి, వచ్చాక రసీదులు పెట్టుకోవాలి. ఆ డబ్బు తిరిగి వచ్చేలోపే క్రెడిట్ కార్డు బిల్లు వచ్చేస్తుంది. అడ్వాన్సుగా ఇస్తారేమో గ్రాడ్యుయేట్ స్కూల్‌ని జనవరిలోనే అడగండి. గదిని నలుగురు పంచుకోండి.