చేత్తో చేసిన కత్తులు అమ్మితే లైసెన్స్ కావాలా?

ప్రశ్న: ముషీరాబాద్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ఆరు నెలలుగా కత్తులు చేయడం నేర్చుకుంటున్నాను. పాత లారీ కమాన్ పట్టీలతో ఇప్పటికి పన్నెండు చేశాను. తొమ్మిది కూరగాయల కత్తులు, ఒకటి మాంసం కొట్టే కత్తి, రెండు వైపులా పదునున్న బాకులు రెండు. ఒక్కోటి రూ. 1,500 చొప్పున తెలిసినవాళ్లకు, ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగినవాళ్లకు అమ్మి, వాడి చూసి లోపాలు చెప్పమందామని ఉంది. లైసెన్స్ కావాలా? ఎవరికైనా గాయమైతే బాధ్యత నాదేనా?

జవాబు: ముందు ఆ రెండు బాకులూ పక్కన పెట్టండి. అమ్మవద్దు, ఫొటో కూడా పెట్టవద్దు. మిగతా పదింటికీ ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు.

1959 నాటి ఆయుధ చట్టం, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచే తీసేసింది. కత్తిపీట, కొడవలి, వంటింటి కత్తి అందుకే బయట ఉన్నాయి. 2016 ఆయుధ నియమాల మొదటి షెడ్యూలు, అయిదో కేటగిరీలో ఖడ్గాలు, బాకులు, బల్లేలతో పాటు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న చాకులూ ఉన్నాయి. ఇంటి పని, వ్యవసాయం, శాస్త్ర, పరిశ్రమల అవసరాలకు చేసినవి మినహాయింపు. మీ మాంసం కత్తి వెడల్పు 3 అంగుళాలున్నా భయం లేనిది ఈ మినహాయింపు వల్లే. బాకు సంగతి వేరు. దాని పేరే ఆ జాబితాలో ఉంది. ‘మాది 7 అంగుళాలే కదా’ అన్న వాదన మీద ఆధారపడమని నేను చెప్పను. లైసెన్స్ లేకుండా అలాంటివి చేయడం, అమ్మడమే కాదు, అమ్మకానికి చూపించడం కూడా సెక్షన్ 5 కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు. ఆ రెండింటికీ ఒక వైపు పదును తీసేసి, మొన గుండ్రం చేసి, వంటింటి చాకులుగా మార్చేయండి.

చాలామంది చిక్కుల్లో పడేది కత్తి వల్ల కాదు, దాని గురించి రాసిన మాటల వల్ల. ఉల్లిపాయలు తరిగే కత్తికి ‘ఆత్మరక్షణకు’, ‘ఫైటర్’ అని పేరు పెడితే, అది ఇంటి పనికి చేసిన వస్తువు కాదని మీరే రాసిచ్చినట్టు. పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి వీడియో పెట్టినవాళ్ల మీద ఆయుధ చట్టం కేసులు పడ్డ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫొటోలో కత్తి పక్కన కూరగాయల బల్ల ఉండాలి, చేతిలో ఝళిపిస్తున్న భంగిమ ఉండకూడదు. పండగలప్పుడు, ఊరేగింపులప్పుడు పోలీస్ కమిషనర్ నిషేధాజ్ఞలు ఇస్తుంటారు. ఆ రోజుల్లో కత్తులు సంచిలో వేసుకుని డెలివరీకి తిరగకండి.

ఇక గాయం సంగతి. ‘నేర్చుకుంటున్నాను, లోపాలుంటాయి’ అని చెప్పి అమ్మినా బాధ్యత పోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 ప్రకారం తయారీ లోపం వల్ల హాని జరిగితే తయారీదారు పరిహారం ఇవ్వాలి. కొన్నవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో వాడినవాళ్లు కూడా ఫిర్యాదు చేయవచ్చు, అదీ వాళ్లుండే ఊళ్లోనే. వస్తువు ధర రూ. 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అయితే పదునుకు వేలు తెగితే అది అందరికీ తెలిసిన ప్రమాదం, హెచ్చరిక రాయలేదని మిమ్మల్ని పట్టుకోలేరు. పిడి ఊడిపోవడం, బ్లేడు విరిగి కంట్లో పడడం మాత్రం మీ మెడకే చుట్టుకుంటాయి.

పాత కమాన్ పట్టీలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. కాల్చి నూనెలో ముంచినప్పుడు ‘టింగ్’మని వినిపిస్తే ఆ బ్లేడు పారేయండి. ముంచాక టెంపరింగ్ (పెళుసుదనం పోయేలా మళ్లీ తక్కువ వేడిలో ఉంచడం) చేయకపోతే గాజులా విరుగుతుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు, రెండుసార్లు ఓవెన్‌లో ఉంచి, ఆ వేడి, ఆ తేదీ నోటుబుక్కులో రాయండి. రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీకు సాక్ష్యం ఆ నోటుబుక్కే. పిడికి ఎపాక్సీ జిగురు ఒక్కటే చాలదు, రివెట్లు కూడా వేయండి. ప్రతి కత్తికీ నంబరు కొట్టండి. ఈ ఉక్కుకు తుప్పు పడుతుంది కనుక ‘తుప్పు పట్టదు’ అని రాయవద్దు. కడిగి తుడిచి నూనె రాయాలని, ఎముకల మీద కొట్టవద్దని చీటీ పెట్టండి. చెప్పినదానికి విరుద్ధంగా వాడితే ఆ చీటీ మీకు రక్ష.

అభిప్రాయాలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఒకసారి ‘పిడి కదులుతోంది’ అని మెసేజ్ వచ్చాక, మీకు లోపం తెలిసినట్టే. డబ్బు తిరిగిచ్చి కత్తి వెనక్కి తెప్పించండి, అదే పట్టీతో చేసిన మిగతావాటినీ పరీక్షించండి. తెలిసీ అమ్మకం సాగిస్తే ఆ మెసేజే మీకు ఎదురు సాక్ష్యం.

పన్ను విషయంలో ఒక మెలిక ఉంది. వస్తువుల అమ్మకాలు ఏడాదికి రూ. 40 లక్షల దాకా ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట తెలంగాణకు వర్తించదు, ఇక్కడ పరిమితి రూ. 20 లక్షలే. అదీ రాష్ట్రం లోపల అమ్మితేనే. విజయవాడకో బెంగళూరుకో పంపితే మామూలుగా మొదటి కత్తి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి.

షెడ్డులో గ్రైండర్ ఇంటి మీటరు మీద నడుస్తుంటే, అమ్మకం మొదలుపెట్టే ముందే కరెంటు ఆఫీసులో కేటగిరీ మార్పించండి. తనిఖీలో పట్టుబడితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. అందంగా ఉంటుందని పిడికి దుప్పి కొమ్ము వేయాలనిపిస్తుంది. అడవిలో రాలి దొరికిన కొమ్మయినా వన్యప్రాణి చట్టం కింద దాని అమ్మకం నేరం. బిల్లుతో కొన్న చెక్కే వాడండి.