అంబాసిడర్‌కి ఆయిల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 1980ల నాటి అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్. ఏడాదికి 800 కిలోమీటర్లు కూడా తిరగదు. ప్రతి ఆదివారం షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తాను. ఆయిల్ మార్చి మూడేళ్లయింది. ఈమధ్య ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి నురగలాంటిది పేరుకుంటోంది. ఇప్పుడే మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మార్చాలి. అంతకన్నా ముందు ఆ ఆదివారం అలవాటు మానాలి. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్‌లోంచి పోయినా, కొంత ఆవిరి పిస్టన్ రింగుల పక్కనుంచి కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆ వేడి రాదు. పైగా చోక్ లాగినప్పుడు మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. నీరు, పెట్రోలు, ఆమ్లాలు కలిసిన ఆ ఆయిల్‌లో బేరింగులు వారాల తరబడి నానుతుంటాయి. రెండు వారాలకోసారి రోడ్డెక్కించి కనీసం అరగంట నడపండి. కుదరకపోతే అసలు స్టార్ట్ చేయకపోవడమే మేలు.

తెల్ల నురగ చాలాసార్లు ఈ తేమే. రెండు మూడు లాంగ్ డ్రైవ్‌ల తర్వాత కూడా తగ్గకపోయినా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నా హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే పట్టీ) చూపించండి. పాత కార్లకి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఏడాదికోసారి ఆయిల్, దాంతోపాటే ఫిల్టర్ మార్చాలి. కారును నెలల తరబడి పక్కన పెట్టేస్తున్నట్టయితే, పెట్టే ముందే మార్చండి.

ప్రశ్న: ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ గిన్నె దగ్గర కారుతోంది. మెకానిక్ బోల్టు ఇంకా బిగిస్తున్నాడు. ఫిల్టర్‌ని రెండుసార్లకొకసారి మారిస్తే చాలంటున్నాడు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బోల్టు బిగించడం ఆపమనండి. గిన్నె వంగిపోతుంది. ఇంజన్‌కి ఉన్న ఫిల్టర్ తలభాగంలో గాడి ఉంటుంది, అందులో రబ్బరు రింగు. పాతది నల్లబడి, గట్టిపడి, గాడిలో ఇనుములాగే కలిసిపోయి కనిపిస్తుంది. దాన్ని తీయకుండా పైన కొత్తది పెడితే ఎంత బిగించినా కారుతుంది. టార్చి వేసి, సూదిమొనతో నాలుగైదు చోట్ల పొడిచి లేపండి. గాడి తుడిచి, కొత్త రింగుకి ఆయిల్ రాసి కూర్చోబెట్టండి.

గిన్నెలోని స్ప్రింగు, వాషర్లు పాత ఎలిమెంటుకి (ఆయిల్‌ని వడకట్టే కాగితం చుట్టకి) అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం మామూలే. స్ప్రింగు లేకపోతే ఎలిమెంటు పైకి ఆనదు. బయటికి కారదు గానీ ఆయిల్ వడకట్టకుండానే పక్కనుంచి పోతుంది. అందుకే విప్పిన వరుసలోనే అన్నీ ఒక గుడ్డ మీద పేర్చుకోండి.

ఫిల్టర్ ఒకసారి వదిలేయడం తప్పుడు పొదుపు. ఎలిమెంటు మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని మురికి ఆయిల్ నేరుగా బేరింగులకి వెళ్తుంది. పాత ఎలిమెంటుని పారేసే ముందు కోసి, కాగితం మడతలు తెల్లగుడ్డ మీద పరచి చూడండి. రాగి రంగు మెరుపులుంటే బేరింగులు అరుగుతున్నట్టు. అయస్కాంతానికి అంటుకునే పొడి ఎక్కువుంటే వాల్వులను తెరిచే క్యామ్, టాపెట్లను అనుమానించాలి.

పదిహేను కిలోమీటర్లు నడిపి వేడిమీద డ్రెయిన్ బోల్టు విప్పండి, అరగంట కారనివ్వండి. కొత్త కాపర్ వాషర్ వేసి మూడున్నర లీటర్లు పోయండి. కాయిల్‌కి వచ్చే సన్న వైరు తీసి, పది సెకన్ల చొప్పున ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. వైరు పెట్టి ఒక నిమిషం నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి పై గీత వరకు నింపండి. మొత్తం నాలుగు లీటర్ల దరిదాపుల్లో పడుతుంది.

ప్రశ్న: కొత్త ఆయిళ్లలో జింక్ తగ్గించారని, పాత ఇంజన్ పాడవుతుందని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సగం నిజం. టాపెట్ క్యామ్ మీద రుద్దుకునే చోట జింక్, ఫాస్ఫరస్ కలిసిన పదార్థం రక్షణ పొర వేస్తుంది. అది పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 2004లో తెచ్చిన ఎస్ఎమ్ అనే ఆయిల్ శ్రేణిలో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి పరిమితం చేశారు. ఆ పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పల్చటి గ్రేడులకే. మీకు కావలసిన చిక్కటి గ్రేడు 20డబ్ల్యూ-50కి అది వర్తించదు. కంపెనీ వివరపత్రంలో ఫాస్ఫరస్ 0.1 శాతం దరిదాపుల్లో ఉంటే నిశ్చింతగా పోయండి. ఖరీదైన జింక్ సీసాలు విడిగా కలపనక్కర్లేదు. మోతాదు మించితే అదీ చెరుపే.

ప్రశ్న: సింథటిక్ ఆయిల్ పోశాక గేర్‌బాక్స్ ముందు నుంచి చుక్కలు పడుతున్నాయి.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఈ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు వెనకవైపు, గేర్‌బాక్స్ కలిసే చోట, రబ్బరు సీలు ఉండదు. ఆయిల్‌ని వెనక్కి లాగే మరచుట్టు మాత్రమే ఉంటుంది. మీరు పోసిన సింథటిక్ పల్చటి గ్రేడైతే దాన్ని దాటి కారుతుంది. మినరల్ 20డబ్ల్యూ-50కి తిరిగి రండి. టాపెట్ పక్క మూతనుంచి వచ్చే, ఇంజన్ లోపలి ఆవిర్లను బయటికి వదిలే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే లోపలి ఒత్తిడి ఆయిల్‌ని తోసేస్తుంది. ముందు దాన్ని విప్పి పెట్రోలుతో కడగండి. ఆ తర్వాత కూడా రాత్రికి రెండు మూడు చుక్కలు పడితే కింద ట్రే పెట్టుకోండి. అంత చిన్న లీకుకి ఇంజన్ దించనక్కర్లేదు.