ముఖం చివరికి ఉంచు బిడ్డా

బిడ్డా,

నువ్వు చెక్కిన కర్రబొమ్మ ఫొటోలు చూశాను. బోనం ఎత్తుకున్న ఆమె కళ్లు, ముక్కుపుడక బాగా కుదిరాయి. కానీ నెత్తిమీద కుండ ఉన్న సంగతి మెడకు తెలిసినట్టు లేదు. కుండ తీసేసినా బొమ్మ అలాగే నిలబడుతుంది.

రెండు నెలలు ముఖాల జోలికి పోకు. మిర్చి సీజన్‌లో పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయి హమాలీలను చూడు. బస్తా వీపు మీదికి రాగానే మోకాలు వంగుతుంది, తల ముందుకు వస్తుంది. ఒక్కో మనిషికి బొగ్గుతో పది గీతలు మించొద్దు. వాళ్లు నీకోసం ఆగరు, అదే నీకు మంచిది. మూతికి రుమాలు కట్టుకో, ఘాటుకు తుమ్మి తుమ్మి చస్తావు.

తర్వాత పాలంపేట పో. 1213లో కట్టిన రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, ఉంటాయి. అందరూ నగలను ఫొటో తీస్తారు, నువ్వు నడుము చూడు. ఆ వంపు అర్థం కాకపోతే అక్కడే బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడు. ఆ వైపు తుంటి లేస్తుంది, భుజం దిగుతుంది. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

రంగుల సంగతి ఒక్క మాట. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్ల పెద్ద బొట్టును ఇప్పుడు అందరూ కాపీ కొడుతున్నారు. ఆయన తన ఊరివాళ్లను చూసి వేశాడు. నువ్వు మీ అమ్మను చూసి వెయ్యి.

ఇక చెక్క. టేకు ఇప్పుడే వద్దు, ఖరీదు, పైగా గట్టిది. పొణికి కర్ర తేలిక, మెత్తన. ఏ కర్రయినా మొద్దులో నార నిలువుగా పోతుంది. చెయ్యి పక్కకు చాపినట్టు చెక్కితే నార అడ్డంగా తెగి, ఆ చెయ్యి పుటుక్కున విరుగుతుంది. నా మొదటి బొమ్మ కోలాటం ఆడే పిల్ల. నునుపు చేస్తుంటే మోచెయ్యి ఊడి ఒళ్లో పడింది. మూడు వారాల పని! ఆ రోజు అన్నం తినలేదు. నిర్మల్‌లో చేతులు, కాళ్లు విడిగా చేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. పైన తెల్లమట్టి పూసి రంగు వేస్తే అతుకు కనపడదు. నీ బోనం మనిషి మోచెయ్యి కూడా పక్కకే పోయింది, చూసుకో.

ఆ బొమ్మ పారెయ్యకు. మెడ దగ్గర ఇంకా చెక్క మిగిలే ఉంది. ఆదివారం హన్మకొండకు పట్టుకురా, ఉలి పదును పెట్టి ఉంచుతా.

మీ పెద్దబాపు