పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కస్టమర్ల వివరాలు, యజమాని బాధ్యత

ప్రశ్న: మాకు తెనాలిలోనూ చుట్టుపక్కల మరో మూడు ఊళ్లలోనూ రక్తపరీక్షా కేంద్రాలున్నాయి. రిపోర్టులు వాట్సాప్‌లోనే పంపుతాం. కొత్త డేటా చట్టం కోసం ఒక సంస్థ సాఫ్ట్‌వేర్ కొనమంటోంది, మా ఆడిటరు గారు వెబ్‌సైటులో ప్రైవసీ పాలసీ పెడితే చాలంటున్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ల్యాబ్ యజమాని, తెనాలి

జవాబు: ఆ రెండూ తర్వాతి పనులు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించగా, అమలు నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ప్రధాన బాధ్యతలు మోపే భాగాలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు కనుక 2027 మే నెల మీకు అసలు గడువు. చిన్న వ్యాపారమన్న కారణంతో దానంతటదే వచ్చే మినహాయింపు ఏదీ లేదు.

మొదట చేయవలసింది, రోగుల వివరాలు మీ దగ్గర ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోవడం. ఆఫీసులో కూర్చుని రాస్తే ల్యాబ్ సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ కంప్యూటరు అన్న రెండు పేర్లతో జాబితా ముగిసిపోతుంది. అలా కాకుండా ఒక శాంపిల్ వెంట మొదటినుంచి చివరిదాకా వెళ్లి చూడండి. ఇంటికి వెళ్లి రక్తం తీసే కుర్రవాడి సొంత ఫోనులో డాక్టరు చీటీ ఫొటో ఉంటుంది. కౌంటరు ఫోనులోని వాట్సాప్‌లో ఏళ్ల తరబడి పంపిన రిపోర్టులు పోగుపడి ఉంటాయి. మీ దగ్గర చేయని పరీక్షలకు శాంపిల్‌ను పెద్ద ల్యాబ్‌కు పంపినప్పుడు రోగి పేరు, వయసు, ఫోను నంబరు దాని వెంటే వెళ్తాయి. రోగులను పంపిన డాక్టర్ల పేర్లతో నెలాఖరున తయారయ్యే ఎక్సెల్ షీటు ఒకటి ఉంటుంది (ఆ లెక్క దేనికన్నది వేరే సంగతి). ఉద్యోగం మానేసిన టెక్నీషియన్ పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కాగితం రిజిస్టరుకు ఈ చట్టం వర్తించదు గానీ, దాని పేజీని ఫొటో తీసినా, కంప్యూటరులో ఎక్కించినా ఆ వివరాలు చట్టం కిందికి వస్తాయి.

జాబితా తయారయ్యాక ప్రతి వివరానికీ ఎదురుగా అది ఎందుకు కావాలి, ఎవరు చూడవచ్చు, ఎంతకాలం ఉంచాలి అన్నవి రాయించండి. మామూలు షుగరు పరీక్షకు ఆధార్ ఫొటో ఎందుకని అడిగితే మీ రిసెప్షనిస్టు జవాబు చెప్పలేకపోతే, ఆ రోజే దాన్ని తీసుకోవడం మానేయండి. పాతవాటి విషయంలో మాత్రం తొందరపడి అన్నీ చెరిపేయమని ఆదేశించకండి. కొత్త నియమాలే కొన్ని వివరాలనూ, వాటిని ఎవరు ఎప్పుడు చూశారో కంప్యూటరు నమోదు చేసే లాగ్‌లనూ కనీసం ఏడాదిపాటు ఉంచమంటున్నాయి. గర్భిణులకు స్కానింగ్ చేస్తుంటే లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఆ రికార్డులు రెండేళ్లు ఉండాలి. మీది కంపెనీగా నమోదై ఉంటే లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి.

ఇలాంటి పని సాధారణంగా చట్టం అర్థంకాక ఆగిపోదు. దాన్ని ఐటీ చూసే కుర్రవాడికి అప్పగించి యజమాని పక్కకు తప్పుకోవడం వల్ల ఆగిపోతుంది. వాట్సాప్ అలవాటు మార్చుకోమని బ్రాంచి మేనేజరుకు అతను చెప్పలేడు, చెప్పినా ఆయన వినడు. ప్రత్యేకంగా డేటా రక్షణ అధికారిని నియమించాలన్న నిబంధన ప్రభుత్వం ప్రకటించే పెద్ద సంస్థలకే గానీ, రోగుల ప్రశ్నలకు జవాబిచ్చే ఒక వ్యక్తి సంప్రదింపు వివరాలను ప్రకటించడం అందరికీ తప్పనిసరి. బ్రాంచీల రోజువారీ పని తెలిసిన మనిషినే అందుకు ఎంచుకుని, మీ మాటగా ఆదేశాలిచ్చే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి.

ఒకరి రిపోర్టు పొరపాటున మరొకరి నంబరుకు వెళ్లడం కూడా చట్టం దృష్టిలో డేటా ఉల్లంఘనే, దానికి చిన్నాపెద్దా తేడా లేదు. ఆ రోగికీ, ఈ చట్టం అమలును చూసే డేటా పరిరక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా తెలియజేసి, బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లోగా ఇవ్వాలి. సైబర్ దాడి లాంటి ఘటనలనైతే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచే ఆదేశం ఉంది. ఆదివారం సాయంత్రం అలాంటిది జరిగితే ఎవరు ఎవరికి ఫోను చేయాలో ఇప్పుడే కాగితం మీద పెట్టి, ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు పదేపదే చెప్పే 250 కోట్ల రూపాయలు భద్రతా ఏర్పాట్లు చేయనందుకు వేయగల గరిష్ఠ జరిమానా మాత్రమే. తప్పు తీవ్రతను, నష్టం తగ్గించడానికి మీరు చేసిన ప్రయత్నాన్ని బోర్డు లెక్కలోకి తీసుకుంటుంది.

ప్రశ్న: మాది హనుమకొండలో జూనియర్ కళాశాల. విద్యార్థుల వివరాలు వాడుకోవడానికి అడ్మిషన్ ఫారంలోనే అన్నింటికీ కలిపి ఒక సంతకం తీసుకుంటే సరిపోతుందా?
– ఒక ప్రిన్సిపాల్

జవాబు: సరిపోదు. 18 ఏళ్లు నిండనివారందరూ చట్టం దృష్టిలో పిల్లలే కాబట్టి మీ విద్యార్థుల్లో దాదాపు అందరి విషయంలోనూ తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఆ సమ్మతి ఇచ్చింది నిజంగా తల్లిదండ్రులేనని నిర్ధారించుకోవాలి. చదువు కోసం, విద్యార్థుల భద్రత కోసం వారి హాజరును, కదలికలను గమనించడానికి విద్యాసంస్థలకు నియమాలు కొంత సడలింపు ఇచ్చాయి. ర్యాంకులు రాగానే ఫ్లెక్సీల మీద, టీవీ ప్రకటనల్లో వేసే ఫొటోలూ హాల్‌టికెట్ నంబర్లూ ఆ సడలింపులోకి వస్తాయని నేననుకోను, అది కళాశాల ప్రచారం. దానికి విడిగా సమ్మతి అడగాలి, ఇవ్వకపోయినా సీటు ఇవ్వాలి, ఇచ్చినవారు తర్వాత వద్దంటే ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించడం కూడా చట్టప్రకారం మీ బాధ్యతే.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు బట్టల దుకాణం ఉంది. 2019 నుంచి బిల్లుల్లో రాసుకున్న ఫోను నంబర్లకు పండగ ఆఫర్లు పంపుతున్నాం. అందరినీ మళ్లీ అడగాలా?

జవాబు: ఆఫర్లు పంపడానికి అప్పట్లోనే సమ్మతి ఇచ్చినవారికి, వారి నంబరు దేనికి వాడుతున్నారో తెలిపే నోటీసును కొత్త నిబంధనల ప్రకారం పంపితే చాలు, వద్దని చెప్పేవరకూ కొనసాగించవచ్చు. కానీ బిల్లు కోసమని నంబరు చెప్పినవారు ఆఫర్లకు ఒప్పుకున్నట్లు కాదు, మీ జాబితాలో అలాంటివారే ఎక్కువమంది ఉంటారని నా అంచనా. వారిని అడిగి తీరాలి, జవాబివ్వనివారిని జాబితా నుంచి తీసేయాలి. మెసేజ్‌లు పంపే ఏజెన్సీ దగ్గరున్న ప్రతిలోంచి కూడా ఆ నంబర్లు తీయించి, ఆ షరతును వారితో ఒప్పందంలో రాయించుకోండి. వారి వల్ల జరిగే తప్పుకు కూడా చట్టం ముందు జవాబుదారీ మీ దుకాణమే.