పాపకు వంటంటే ఇష్టం, నాన్నకు వంటపని అంటే నామోషీ

ప్రశ్న: మేడమ్, మాది చంద్రగిరి పక్కన పల్లె. పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దు, షెఫ్ అవుతానంటోంది. తిరుపతిలో వంట నేర్పే కలినరీ ఇన్‌స్టిట్యూట్ మంచిదా, మామూలు హోటల్ మేనేజ్‌మెంట్ మంచిదా? పెద్ద హోటళ్లలో ఎక్కడ చూసినా మగ షెఫ్‌లే ఉన్నారు, ఆడవాళ్లు ఎందుకు లేరు? మా ఆవిడేమో మూడు నెలల కేకుల కోర్సు చేయించి ఇంట్లోనే బిజినెస్ పెట్టిద్దామంటోంది. ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను, అన్నా. కానీ మీరు రాయకుండా వదిలేసిన ప్రశ్న ఇంకొకటి ఉంది, ముందు దాని సంగతి చూద్దాం. వంట నేర్చుకోడానికి లక్షలు పోయాలా అని బంధువులు నవ్వుతారు, రేపు సంబంధం వచ్చినప్పుడు పాప హోటల్లో వంట చేస్తుందని ఎలా చెప్పేది? ఇదే కదా? నా దగ్గరికొచ్చే తండ్రులందరూ ఫీజుతో, సీట్లతో మొదలుపెడతారు. ఈ మాట మాత్రం లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు.

ఆడవాళ్లు ఎందుకు లేరు అన్నారు. మీ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేదెవరు? 2019లో పెంచితే వాళ్ల గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలైంది. ఆ జీతానికి మగ వంటవాడు దొరుకుతాడేమో చూడండి.

పోయినేడు మా బంధువుల పెళ్లిలో నిద్ర పట్టక తెల్లవారుజామున మూడింటికి మండపం వెనక్కి వెళ్లాను. గాడిపొయ్యి మీద రెండు అండాలు, తెడ్డు పట్టుకుని వంట మాస్టరు. పక్కన గోనెపట్టా మీద ఆరుగురు ఆడవాళ్లు ఎర్రగడ్డలు కోస్తున్నారు. వాళ్లలో ఒక పెద్దామె తల కూడా ఎత్తకుండా, "అబ్బోడా, పప్పు అడుగంటతా ఉంది, కట్టెలు లాగు" అంది. అండా ఆమెకు పది అడుగుల దూరంలో ఉంది. మాస్టరు మాట్లాడకుండా రెండు కట్టెలు లాగేశాడు. పొద్దున డబ్బులిచ్చేటప్పుడు ఆమె చేతిలో 600 పెట్టారు. మాస్టరుతో మాత్రం మా మామ పక్కకు తీసుకెళ్లి లెక్క మాట్లాడారు. పైగా శాలువా కప్పారు.

బాగా వండితే మనం నలభీమపాకం అంటాం, ఇద్దరూ మగవాళ్లే. తిరుమల పోటులో వండేది మగవాళ్లు, పైనుంచి చూసుకునేది వకుళమాత అని మన నమ్మకం. అది ఆచారం, దాని జోలికి నేను పోను. కానీ స్టార్ హోటల్‌కు ఏ ఆచారమూ లేదు కదా, అక్కడ ఎందుకు ఇలా ఉంది?

మొదటి కారణం పని వేళలు. దాన్ని బ్రేక్ షిఫ్ట్ అంటారు. పొద్దున పదికి వెళ్లి మధ్యాహ్నం మూడు దాకా, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు, పన్నెండు దాకా. ఊరంతా ఇంట్లో ఉండే పండగ రోజే వీళ్లకు పని ఎక్కువ. రెండోది నిచ్చెన. అన్నిటికంటే కింది మెట్టైన కమీగా చేరి మెట్టు మెట్టూ ఎక్కి, ఒక సెక్షన్‌ను సొంతంగా చూసే సీడీపీ అయ్యేసరికి ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో వస్తాయి. మన ఇళ్లలో పెళ్లి, మొదటి కాన్పు సరిగ్గా అప్పుడే. పెద్ద షెఫ్ తర్వాతి స్థానం, అంటే సూ షెఫ్ కుర్చీ ఖాళీ అయ్యే వేళకు పోటీలో ఆమె ఉండదు. చేతగాక వెళ్లిపోయిందని హోటల్ అనుకుంటుంది, మంచిపని చేసిందని ఇల్లు అనుకుంటుంది.

చట్టం కూడా తక్కువేం చేయలేదు. మద్యం వడ్డించే చోట ఆడవాళ్లు పని చేయకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఉండేది, అది ఢిల్లీలోనూ నడిచింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2007 చివర్లో. అంటే మీ పాప పుట్టడానికి కొంచెం ముందు.

ఇక కిచెన్ లోపలి సంగతి. ఈ హోదాల పద్ధతిని అమర్చిన ఫ్రెంచి షెఫ్ ఎస్కోఫియర్ అంతకుముందు సైన్యంలో వంట చేసొచ్చినవాడు. అందుకే ఇప్పటికీ అక్కడ పెద్ద షెఫ్ అరిస్తే కిందివాళ్లు "ఎస్ షెఫ్" అనాల్సిందే. నేను సలహా ఇచ్చి చేర్పించిన ఒకమ్మాయి ట్రైనింగ్‌కు ఒక పెద్ద హోటల్‌కు వెళ్లింది. కిచెన్ సిబ్బందికి లాకర్ గది ఉంది, అది మగవాళ్లది. ఈమె హౌస్‌కీపింగ్ వాళ్ల గదిలో బట్టలు మార్చుకుని రెండంతస్తులు దిగి రావాలి. సేఫ్టీ షూ ఆమె సైజులో లేవు. రెండు జతల సాక్సులు తొడుక్కుని మగవాళ్ల షూతో ఆరు వారాలు నిలబడింది. ఆ తర్వాత "అమ్మాయివి కదా, బరువులెందుకు, బేకరీలో ఉండు" అన్నారు. మంచిగానే అన్నారు, చిక్కంతా అక్కడే. వేడి పొయ్యి దగ్గర పని చేయనివాళ్లను రేపు మొత్తం కిచెన్ చూసుకోమని ఎవరూ అనరు. ఆ పిల్ల మళ్లీ మళ్లీ అడిగి, నాలుగో నెలలో తందూర్ దగ్గరికి మారింది. చేతి మీద కాలిన మచ్చ నాకు చూపించింది, అదేదో మెడల్ అన్నట్టు.

మీకు కోపం వచ్చినా ఒక మాట అంటాను. రాత్రి పన్నెండుకు ఆడపిల్ల డ్యూటీ దిగడం మీకు భయం, సరే. మన జిల్లాలో నర్సింగ్ చదివి నైట్ డ్యూటీలు చేసే ఆడపిల్లలు లేని ఊరు ఒకటి చెప్పండి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ అయితే రాత్రి షిఫ్ట్ గురించి ఒక్క తండ్రీ నాకు ఫోన్ చేయడు. అంటే మీ బాధ రాత్రి గురించి కాదన్నా, గరిటె గురించి. పదిహేడేళ్ల పిల్ల ఏం చదవాలో తేల్చేటప్పుడు, ఇంకా పుట్టని సంబంధాన్ని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టకండి. రాత్రి ప్రయాణం గురించి టెన్షన్ ఉంటే దానికి దారి ఉంది. ఇంటర్వ్యూలోనే దించే బండి ఉందా, ఆడవాళ్లకు లాకర్ గది ఉందా అని పాప అడగాలి. లేదంటే వేరే హోటల్ చూసుకోవాలి.

మీ ఆవిడ చెప్పిన కేకుల సంగతి. ఇప్పుడు ఏ తల్లిని కదిపినా ఇదే చెబుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే ఎంతో బాగుంటుంది. నాకు మాత్రం దీని మీద నమ్మకం తక్కువ. మూడు నెలల్లో పాప నేర్చుకునేది పది కేకులు, క్రీమ్ పువ్వులు. ఆ పక్క వీధిలో ఇంకో ఆమె అవే పది కేకులు కిలోకు యాభై తక్కువకు ఇస్తుంది. వెన్న ధర పెరిగితే మిగిలేదేమిటో లెక్క వేయడం ఆ కోర్సులో చెప్పరు. వంద ప్లేట్లు ఒకే రుచితో, ఒకే వేళకు బయటికి ఎలా వెళ్తాయో ఇంట్లో ఎవరు నేర్పుతారు? తప్పు చేస్తే తిట్టే సీనియర్ కూడా ఉండడు. ఇల్లు నడుపుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ చేసుకోవచ్చనే కదా ఇది అందరికీ నచ్చేది? వంటను ఉద్యోగం చేసుకుంటానని పిల్ల అంటే, మళ్లీ ఇంటి వంటగదిలోకే పంపిస్తున్నాం. ముప్పై ఏళ్ల వయసులో, పదేళ్లు కిచెన్‌లో పనిచేశాక పెట్టుకుంటే అది వేరే కథ.

కోర్సుల సంగతి చిన్నదే. మన తిరుపతిలో ఉన్నది కేంద్ర పర్యాటక శాఖ పెట్టిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్. ఇంకో క్యాంపస్ నోయిడాలో ఉంది, అంతే. అక్కడ బీబీఏ డిగ్రీ మొత్తం వంట చుట్టూ తిరుగుతుంది. ఐహెచ్‌ఎంలలో, అంటే మీరడిగిన మామూలు హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో అయితే వంటతో పాటు సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ కూడా చదవాలి. మనసు మారితే పక్కకు జరగడానికి అది వీలు. పాపకు వంట తప్ప ఇంకేదీ వద్దంటే మొదటిది, కొంచెం అనుమానం ఉంటే రెండోది. ప్రైవేటు కాలేజీవాళ్లు వంద శాతం ప్లేస్‌మెంట్, క్రూయిజ్ ఉద్యోగం అంటే, పోయినేడు చేరిన ఇద్దరు ఆడపిల్లల నంబర్లు ఇవ్వమనండి. రెండిట్లో ఏది చదివినా మొదటి రెండేళ్లు జీతం తక్కువే, అది తెలుసుకునే చేర్చండి.

ఇంకో సంగతి. గరిమా అరోరా అనే ముంబై అమ్మాయి జర్నలిజం చదివి, ఉద్యోగం వదిలేసి వంట నేర్చుకుంది. 2018లో బ్యాంకాక్‌లో ఆమె రెస్టారెంట్‌కు మిషెలిన్ స్టార్ వచ్చింది, రెస్టారెంట్లకు ప్రపంచంలో పెద్ద గుర్తింపు అది. భారతీయ మహిళల్లో ఆమే మొదటిది. మీ పాప అంత ఎత్తుకు ఎదుగుతుందని నేను మాటివ్వను. ఆమెకు దారి తెలియడానికి ఏళ్లు పట్టింది, మీ పాపకు పదిహేడేళ్లకే తెలిసింది, అంతే నేను చెప్పేది.

ఒక పని చేయండి. వచ్చే ముహూర్తాల్లో మీకు తెలిసిన వంట మాస్టరు ఎవరైనా ఉంటే, పాపను ఒక రాత్రంతా గాడిపొయ్యి దగ్గర ఉండనివ్వండి. మీరూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. తెల్లారాక కూడా అదే మాట అంటే ఫారం నింపేయండి. కాలేజీ తెరిచే ముందు మాత్రం తిరుపతిలో నాలుగు షాపులు తిరిగైనా సరే, పాప సైజు సేఫ్టీ షూ కొనివ్వండి.